సాగనంపడానికి వచ్చినవాళ్ళను ఓడ ఎందుకు ఎక్కనివ్వరు?

క్రూయిజ్ టికెట్ చేతికొచ్చాక చాలామందికి తట్టే ఆలోచన ఇది. ఓడ కదిలేది సాయంత్రం. మనల్ని ఎక్కించుకునేది మధ్యాహ్నం నుంచే. మధ్యలో ఉన్న నాలుగైదు గంటలు అమ్మానాన్నల్నో స్నేహితుల్నో వెంట తీసుకెళ్ళి, క్యాబిన్ చూపించి, పై డెక్కు మీద నాలుగు ఫోటోలు దిగి, కలిసి భోంచేసి, ఓడ కదలకముందే దింపేస్తే ఎవరికేం నష్టం? వాళ్ళలో ఒకరిద్దరు వచ్చే ఏడాది టికెట్ కొన్నా కొంటారు. కంపెనీకి ఇంత చవకైన ప్రచారం ఇంకెక్కడ దొరుకుతుంది?

అయినా అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎక్కడైనా ఒకటే: కుదరదు. ఎందుకని రెట్టించి అడిగితే "భద్రతా కారణాలండీ" అంటారు. సంభాషణ అక్కడితో అయిపోతుంది.

ఆ జవాబు అబద్ధం కాదు. కానీ దానితో ఒక చిక్కుంది. ఇదే ఓడ, ఇదే రేవులో, ఇదే మధ్యాహ్నం ఒక పెళ్ళి బృందాన్ని ఎక్కించుకుంటుంది. వాళ్ళలో చాలామంది అక్షింతలు వేసి, కేకు తిని దిగిపోయేవాళ్ళే. ట్రావెల్ ఏజెంట్లను ఎక్కించి, ఓడంతా తిప్పి, భోజనం పెట్టి పంపిస్తుంది. సిబ్బందిలో ఒకరి భార్యాబిడ్డలు విజిటర్ బ్యాడ్జీ తగిలించుకుని వచ్చి చూసి వెళ్తారు. భయమొక్కటే కారణమైతే వీళ్ళందర్నీ కూడా ఆపాలి కదా! ఆపడం లేదంటే ఓడను నడిపేవాళ్ళు చూసేది ఇంకేదో ఉంది. నాకు అర్థమైనంతలో అది తలల లెక్క. ఓడ రేవు విడిచే క్షణానికి దాని మీద ఎవరెవరు ఉన్నారో పేరుపేరునా తేలాలి. సాగనంపడానికి వచ్చిన మనిషి ఆ లెక్కలో ఇమడడు. మిగతా విషయాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఒకప్పుడు ఇది మామూలే

ఓడలు సముద్రం దాటడానికి ఉన్న ఏకైక మార్గమైన రోజుల్లో సాగనంపడం ప్రయాణంలో భాగం. న్యూయార్క్, సౌతాంప్టన్, సిడ్నీ రేవుల్లో పెద్ద లైనర్, అంటే ఒక రేవు నుంచి ఇంకో రేవుకు ప్రయాణికుల్ని చేరవేసే ఓడ, బయల్దేరుతోందంటే ప్రయాణికులతోపాటు వాళ్ళ బంధుగణమూ ఎక్కేది. క్యాబిన్లలో పూలబుట్టలు, పళ్ళబుట్టలు, షాంపేన్ సీసాలు. కొన్ని కంపెనీలు విజిటర్ల దగ్గర నామమాత్రపు రుసుము తీసుకునేవి. బయల్దేరే వేళ దగ్గరపడగానే స్టీవార్డులు నడవల్లో గంట వాయిస్తూ, దిగాల్సినవాళ్ళు దిగాలని కేకలు వేసుకుంటూ తిరిగేవారు. ఆ తర్వాత డెక్కు మీద ఉన్నవాళ్ళకూ గట్టు మీద ఉన్నవాళ్ళకూ మధ్య రంగురంగుల కాగితపు రిబ్బన్లు. చెరో కొస పట్టుకుంటే, ఓడ జరిగేకొద్దీ అవి సాగి సాగి తెగిపోయేవి. జపాన్ రేవుల్లో ఈ రిబ్బన్ల సరదా చాలాకాలం నిలిచింది.

గంట మోగినా వినబడక, లేదా విననట్టు ఉండి, లోపలే మిగిలిపోయినవాళ్ళు అప్పుడూ ఉండేవారు. దానికి సులువైన మందొకటి ఉండేది. పెద్ద ఓడను రేవు నుంచి బయటి సముద్రం దాకా నడిపించడానికి స్థానిక పైలట్ ఒకాయన ఎక్కుతాడు. పని అయ్యాక చిన్న పడవలో వెనక్కి వస్తాడు. మిగిలిపోయిన విజిటర్‌ను ఆయన వెంట పంపేవారు. ఎగిరే అలల మధ్య తాళ్ళ నిచ్చెన దిగడం ఎంత ముచ్చటగా ఉండేదో గానీ, అప్పట్లో అది పత్రికలకు నవ్వులాట వార్త.

ఇదంతా ఎలా సాగిందంటే, అప్పటి లైనర్ రేవులో తీరిగ్గా ఆగేది. వారానికో రెండు వారాలకో ఒక ప్రయాణం, మధ్యలో సరుకు దించుకోవడం, బొగ్గో నూనో నింపుకోవడం, శుభ్రం చేసుకోవడం. ఇప్పటి క్రూయిజ్ షిప్పుకు ఆ తీరిక లేదు.

హైజాకర్లు విజిటర్లు కారు

ఓడల భద్రత చరిత్రలో రెండు ఘటనలు తప్పకుండా వస్తాయి. 1961 జనవరిలో హెన్రిక్ గల్వావ్ అనే పోర్చుగల్ తిరుగుబాటు నాయకుడు, అతని అనుచరులు శాంటా మరియా అనే లైనర్‌ను కరీబియన్ సముద్రంలో స్వాధీనం చేసుకున్నారు. 1985 అక్టోబర్ 7న నలుగురు సాయుధులు ఈజిప్టు తీరానికి దూరంగా అకిలే లౌరో అనే ఇటలీ ఓడను హైజాక్ చేసి, చక్రాల కుర్చీలో ఉన్న ఒక అమెరికన్ ప్రయాణికుణ్ణి చంపేశారు.

ఈ రెండింటిలోనూ ఒక విశేషం ఉంది, దాన్ని సాధారణంగా ఎవరూ గమనించరు. హైజాకర్లలో ఎక్కువమంది ఓడెక్కింది విజిటర్లుగా కాదు, టికెట్ కొన్న ప్రయాణికులుగా. కాబట్టి విజిటర్లను ఆపేస్తే ఇలాంటివి ఆగిపోతాయన్న వాదన చరిత్రకు సరిగ్గా అతకదు. ఈ ఘటనలు తెచ్చిన మార్పు వేరు. అప్పటిదాకా గ్యాంగ్‌వే అంటే ఒక మెట్ల వంతెన. ఆ తర్వాత అది సరిహద్దు అయింది. 1985 నవంబర్‌లోనే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, అంటే ఐఎంఓ, ఓడల మీద జరిగే దాడుల గురించి ఒక తీర్మానం చేసింది. మరుసటి ఏడాది ప్రయాణికుల ఓడలకు భద్రతా మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పటికవి సలహాలే. పాటించినవాళ్ళు పాటించారు, లేనివాళ్ళు లేదు.

సలహా చట్టంగా మారింది 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత. 2002 డిసెంబర్‌లో లండన్‌లో జరిగిన సమావేశంలో దేశాలు ఐఎస్‌పీఎస్ కోడ్‌ను ఆమోదించాయి. ఓడలకూ రేవులకూ కలిపి రాసిన భద్రతా నియమావళి అది. 2004 జులై 1 నుంచి అమల్లో ఉంది. ప్రతి ఓడకూ ఒక భద్రతా అధికారి, కంపెనీకి ఒక భద్రతా అధికారి, రేవుకు ఒకరు ఉండాలి. ప్రమాద స్థాయిలు మూడు. మామూలు రోజుల్లో మొదటి స్థాయి నడుస్తుంది. ఆ స్థాయిలోనే ఓడెక్కబోయే ప్రతి మనిషి గుర్తింపూ చూడాలని, ఎక్కడానికి కారణం ఏమిటో టికెట్టో బోర్డింగ్ పాసో ఉద్యోగంలో చేరే పత్రమో చూసి నిర్ధారించుకోవాలని కోడ్ మార్గదర్శకాలు చెప్తాయి. మూడో స్థాయికి వెళ్తే ఎక్కడం, దిగడం పూర్తిగా ఆపేయవచ్చు.

మరి ఈ కోడ్ విజిటర్లను నిషేధించిందా? లేదు. పైగా రేవుల భద్రతా ప్రణాళికలో ఓడకు వచ్చే సందర్శకులకు వీలు కల్పించే పద్ధతి కూడా ఉండాలని రాసింది. ముఖ్యంగా నావికుల సంక్షేమ సంఘాల ప్రతినిధుల పేరెత్తి మరీ చెప్పింది. అంటే "అంతర్జాతీయ చట్టం ఒప్పుకోదు" అని ఎవరైనా చెప్తే అది సగం మాటే. చట్టం అడిగేది గుర్తింపు, కారణం. "మా చెల్లెలు ఓడ చూడాలనుకుంటోంది" అన్నది ఒక కారణమే. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది కంపెనీ తన ఓడ భద్రతా ప్రణాళికలో రాసుకునే సంగతి. ఆ ప్రణాళిక రహస్య పత్రం, బయటివాళ్ళకు చూపించకూడదు. ఫోన్లో మాట్లాడే కస్టమర్ కేర్ అమ్మాయి కారణం విడమర్చి చెప్పదంటే ఆమెకు దాన్ని చూసే వీలే లేదు మరి.

లెక్క ఎందుకంత ముఖ్యం

1987 మార్చి 6న హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ బెల్జియంలోని జీబ్రుగ్ రేవు దాటగానే బోల్తాపడింది. వాహనాలు ఎక్కే ముందువైపు తలుపులు మూయకుండానే బయల్దేరడం కారణం. 193 మంది చనిపోయారు. తర్వాత జరిగిన విచారణలో తలుపుల సంగతితోపాటు ఇంకొకటి బయటపడింది. ప్రయాణికుల లెక్క సరిగ్గా ఉండేది కాదు. అనుమతికి మించి ఎక్కిస్తున్నారని ఆ ఫెర్రీల కెప్టెన్లు అంతకుముందే కంపెనీకి మొరపెట్టుకున్నారు.

మునిగిన ఓడ దగ్గర రక్షణ బృందానికి కావలసిన మొదటి అంకె: ఇంకా ఎంతమంది? అది తెలియకపోతే ఎప్పుడు వెతకడం ఆపాలో కూడా తెలియదు. అందుకే ఓడల భద్రతకు మూలమైన సోలాస్ ఒప్పందంలో బయల్దేరేముందు ఓడ మీద ఉన్న అందర్నీ లెక్కపెట్టాలన్న నియమం ఉంది. పేర్లు, ఆడా మగా, పెద్దలా పిల్లలా పసివాళ్ళా అన్న వివరాలు రాసి ఉంచాలి. ఆ జాబితా గట్టు మీద కూడా ఒకచోట ఉండాలి. ఓడతోపాటు మునిగిపోయే జాబితా ఎవరికి పనికొస్తుంది?

2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని జిలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా బండరాయిని గుద్దుకుని ఒరిగిపోయింది. 4,200 మందికి పైగా ఉన్న ఆ ఓడలో 32 మంది చనిపోయారు. వెతుకులాట సాగుతుండగానే, జాబితాలో లేనివాళ్ళు కూడా ఓడలో ఉండి ఉండవచ్చని ఇటలీ పౌర రక్షణ శాఖ అధిపతి బహిరంగంగా అన్నారు. కొన్ని రోజుల పాటు తప్పిపోయినవారి సంఖ్య మారుతూ వచ్చింది. క్రూయిజ్ కంపెనీలన్నిటికీ అది పీడకల లాంటి వారం. ఎలక్ట్రానిక్ కార్డులు, గ్యాంగ్‌వే దగ్గర ఫోటోలు, అన్నీ ఉన్న కాలంలో కూడా లెక్క మీద సందేహం వచ్చిందంటే, ఆ లెక్కను ఇంకా చిక్కుపరిచే ఏ పనికైనా వాళ్ళు ఎందుకు జంకుతారో ఊహించుకోవచ్చు.

విజిటర్ ఆ లెక్కను ఎలా చిక్కుపరుస్తాడు? ప్రయాణికుడు పొరపాటు చేస్తే ఏమవుతుందో మొదట చూద్దాం. అతను ఆలస్యంగా వచ్చాడు, ఎక్కలేదు. ఓడ అతన్ని వదిలేసి వెళ్ళిపోతుంది. బాధ అతనిది, ఓడకేం కాదు. విజిటర్ పొరపాటు దీనికి తలకిందులు. అతను దిగలేదు. బాత్రూంలో ఉన్నాడో, బంధువు క్యాబిన్లో కునుకు తీస్తున్నాడో, పన్నెండో డెక్కు మీద దారి తప్పాడో తెలియదు. అతను దొరికేదాకా ఓడ కదలకూడదు. ఒక్క మనిషి కోసం వేలమంది, పైలట్, తాళ్ళు విప్పే కూలీలు, ఓడను లాగే టగ్ పడవలు, రేవులో అదే చోటు కోసం కాచుకున్న ఇంకో ఓడ, అందరూ ఆగాలి. ఓడెక్కే మనుషుల్లో "దిగిపోయాడు" అని రుజువైతే తప్ప లెక్క ముగియని రకం ఇదొక్కటే.

దీన్ని ఇప్పటి పరిమాణాలతో గుణించి చూడండి. 2024లో తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే క్రూయిజ్ ఓడలో 2,805 క్యాబిన్లు ఉన్నాయి. గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు, 2,350 మంది సిబ్బంది పడతారు. క్యాబిన్‌కు ఇద్దరు చొప్పున విజిటర్లు వస్తే 5,610 మంది అదనం. సాయంత్రంలోగా వాళ్ళందర్నీ ఎక్కించి, తిప్పి, వెతికి, దింపాలి.

టైమ్ చూస్తే అసలే లేదు. ఒక ప్రయాణం ముగిసి ఇంకోటి మొదలయ్యే ఆ రోజు ఓడలో పనిచేసేవాళ్ళకు అన్నిటికంటే కష్టమైన రోజు. తెల్లవారుజామున రేవుకు చేరుతుంది. ఉదయం తొమ్మిది, పది దాకా పాత ప్రయాణికులు దిగుతూనే ఉంటారు. వేల పరుపుల దుప్పట్లు మార్చాలి. వారం రోజుల తిండి లోపలికి ఎక్కించాలి. అమెరికా రేవుల్లో అయితే పాత ప్రయాణికుల లెక్క సున్నాకు చేరిందని తేలాకే కొత్తవాళ్ళను వదులుతారు. ఆ ఒక్క తల దొరక్క టెర్మినల్‌లో వేలమంది సూట్‌కేసుల మీద కూర్చుని ఎదురుచూసిన సందర్భాలు తరచూ ప్రయాణించేవాళ్ళకు తెలిసే ఉంటాయి. కోస్టా కాంకోర్డియా తర్వాత సోలాస్‌కు సవరణ తెచ్చారు. 2015 జనవరి 1 నుంచి ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో నేర్పే డ్రిల్ ఓడ బయల్దేరేముందో, బయల్దేరిన వెంటనేనో చేసి తీరాలి. ఆ డ్రిల్ నడుస్తుండగా పక్కన ఏ గుంపుకూ చెందని ఐదు వేల మంది తిరుగుతుంటే ఎవరిని ఎవరని లెక్కపెడతారు?

విమానాశ్రయాలతో పోల్చి వాదించేవారున్నారు. అమెరికాలో 2001 దాకా టికెట్ లేనివాళ్ళు కూడా గేటు దాకా వెళ్ళేవారు. ఆ తర్వాత ఆపేశారు. 2017లో పిట్స్‌బర్గ్ విమానాశ్రయం పాసులిచ్చి మళ్ళీ వదలడం మొదలుపెట్టింది. ఓడలు మాత్రం ఎందుకు సడలించకూడదని వీళ్ళ ప్రశ్న. నాకు ఈ పోలిక నిలవదనిపిస్తుంది. పిట్స్‌బర్గ్ వదిలింది గేటు దాకా. విమానంలోకి వచ్చి, సీట్లో కూర్చుని, భోంచేసి దిగుతామంటే ఏ విమానాశ్రయమూ ఒప్పుకోదు. క్రూయిజ్ ఓడలో మనం అడుగుతున్నది అదే.

జారిపడితే ఎవరిది బాధ్యత?

దీని గురించి కంపెనీలు పైకి చెప్పవు గానీ వాళ్ళ లాయర్లు తప్పక ఆలోచిస్తారు. సముద్ర ప్రయాణికుల గాయాలకు, సామాన్లకు ఎంతవరకు బాధ్యత వహించాలో చెప్పే అంతర్జాతీయ ఒప్పందం 1974 నాటి ఏథెన్స్ కన్వెన్షన్. అందులో ప్రయాణికుడంటే రవాణా ఒప్పందం కింద ఓడలో వెళ్తున్న మనిషి. టికెట్ వెనక సన్నటి అక్షరాల్లో ఉండే పరిమితులన్నీ ఆ రవాణా ఒప్పందం కిందికే వస్తాయి. విజిటర్‌కు టికెట్ లేదు, ఒప్పందమూ లేదు. అంటే కంపెనీని కాపాడే పరిమితులు కూడా లేవు.

అమెరికా సుప్రీంకోర్టు 1959లో తేల్చిన కెర్మరెక్ కేసు దీనికి మంచి ఉదాహరణ. 1948 నవంబర్‌లో న్యూయార్క్ రేవులో ఆగి ఉన్న ఫ్రెంచి ఓడ ఓరెగాన్‌లోకి ఒకతను వెళ్ళాడు. సిబ్బందిలో ఉన్న స్నేహితుణ్ణి పలకరించి, ఫ్రాన్సులో ఇంకో స్నేహితుడికి చేర్చమని ఒక పార్సిల్ ఇవ్వడానికి. తిరిగి వస్తూ మెట్ల మీద జారిపడ్డాడు. విజిటర్ పాసు మీద, ప్రమాదం జరిగితే బాధ్యత మీదేనన్న వాక్యం ఉంది. అయినా కోర్టు, ఓడ ప్రయోజనాలకు విరుద్ధం కాని పనిమీద వచ్చిన ఎవరికైనా, పరిస్థితిని బట్టి తగినంత జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత ఓడ యజమానికి ఉందని చెప్పింది. నేల మీద ఇళ్ళకు వర్తించే పాత తేడాలు, అంటే పిలిచి వచ్చిన అతిథి, అనుమతితో వచ్చినవాడు లాంటివి, సముద్ర చట్టంలోకి తేనక్కర్లేదంది.

అన్నట్టు ఆ పార్సిల్ సంగతి చూశారా! ఇవాళ ఎవరో ఇచ్చిన మూట ఇంకెవరికో చేర్చమంటూ గ్యాంగ్‌వే ఎక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక కస్టమ్స్, ఇమిగ్రేషన్ గొడవ ఉండనే ఉంది. అంతర్జాతీయ ప్రయాణానికి సిద్ధమైన ఓడలో పన్ను కట్టని మద్యం, సిగరెట్లు, నగలు ఉంటాయి. రేవులో ఉన్నంతసేపు డ్యూటీ ఫ్రీ దుకాణాలు మూసి ఉండడం అందుకే. టెర్మినల్ దాటి లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి వచ్చే మనిషిని ఏ వరసలో నిలబెట్టి చూడాలన్నది ఆ దేశపు అధికారుల తలనొప్పి, రేవును బట్టి మారుతుంది.

పెళ్ళివాళ్ళను ఎలా ఎక్కిస్తారు

ఇప్పుడు మినహాయింపుల దగ్గరికి వద్దాం. ప్రయాణం చేయని అతిథుల్ని ఓడెక్కించే పద్ధతుల్లో సాధారణ ప్రయాణికుడికి అందుబాటులో ఉన్నవాటిలో ముఖ్యమైనది ఓడ మీద పెళ్ళి.

ఓడ పెళ్ళిళ్ళు రెండు రకాలు. ఒకటి సముద్రం మధ్యలో కెప్టెన్ జరిపేది. ఇది ఓడ ఏ దేశపు జెండా కింద నమోదైందో ఆ దేశ చట్టం ప్రకారం చెల్లుతుంది. బెర్ముడా, మాల్టా చట్టాలు దీనికి అనుకూలం. క్యూనార్డ్ కంపెనీ 2011లో తన మూడు ఓడలను సౌతాంప్టన్ నుంచి బెర్ముడాలోని హామిల్టన్‌కు మార్చి నమోదు చేయించింది. బ్రిటిష్ నమోదు ఉన్నంతకాలం సముద్రం మీద పెళ్ళిళ్ళు చేయడం కుదరలేదు, మార్పుకు కంపెనీ చెప్పిన కారణాల్లో అదొకటి. ఈ రకం పెళ్ళికి అతిథులంతా ప్రయాణికులే కావాలి, వేరే దారి లేదు.

రెండోది రేవులోనే, బయల్దేరే రోజు మధ్యాహ్నం జరిగేది. ఇక్కడ వర్తించేది రేవు ఉన్న ప్రాంతపు చట్టం. లైసెన్సు అక్కడిదే, పెళ్ళి జరిపే అధికారీ అక్కడివాడే. ఓడ కేవలం కల్యాణమండపం. వయసు మళ్ళినవాళ్ళు, సెలవు దొరకనివాళ్ళు, సముద్రమంటే భయపడేవాళ్ళు పెళ్ళి చూసి దిగిపోవచ్చు, కొత్త జంట హనీమూన్‌కు బయల్దేరిపోవచ్చు. అందుకే దీనికి గిరాకీ.

దీన్ని ఎలా నడుపుతారో చూస్తే లెక్క సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. దిగిపోయే అతిథుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. వారాల ముందే పూర్తి పేరు, పుట్టిన తేదీ, పౌరసత్వం, గుర్తింపు పత్రం వివరాలు పంపాలి. ఆ రోజు అందరూ చెప్పిన టైముకు ఒకేచోట చేరాలి. బ్యాగుల తనిఖీ అయ్యాక ఒక ఉద్యోగి ముందు నడిచి తీసుకెళ్తుంది. తంతు, విందు ఒకటి రెండు గదుల్లో. ఓడంతా తిరగడానికి ఉండదు. ఓడ కదలడానికి చాలా ముందే అదే ఉద్యోగి అదే గుంపును మళ్ళీ లెక్కపెట్టి దింపేస్తుంది. జాబితాలో లేని మేనమామ ఎంత దూరం నుంచి వచ్చినా గట్టు మీదే ఆగిపోతాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, జాబితాలో ఇంకోలా ఉంటే కూడా అదే గతి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో మనవాళ్ళు ఎక్కువ ఇబ్బందిపడేది ఇక్కడే కాబట్టి, పత్రంలో ఉన్నది ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా పంపడం మంచిది. ఇందులో కంపెనీకి డబ్బూ వస్తుంది, అతిథికి ఇంతని వసూలు చేస్తుంది. డబ్బు వస్తుందని ఒప్పుకుంటున్నారా, అజమాయిషీ ఖర్చు వసూలవుతుందని ఒప్పుకుంటున్నారా అంటే, రెండూనేమో.

ట్రావెల్ ఏజెంట్ల సందర్శన కూడా ఈ అచ్చులోనే నడుస్తుంది: ముందే జాబితా, వెంట మనిషి, దిగే టైము. కొన్ని కంపెనీలు ఇదే పద్ధతిలో, కొనబోయే ప్రయాణికులకు రుసుము తీసుకుని ఓడ చూపించి భోజనం పెట్టే రోజులు కూడా నిర్వహిస్తాయి. మీ అమ్మగారికి ఓడ లోపల చూడాలన్నదే కోరికైతే, మీరు బయల్దేరే రోజు కోసం పట్టుబట్టేకంటే ఇలాంటి రోజు దొరుకుతుందేమో అడగడం నయం.

సిబ్బంది కథ వేరు. 2006లో కుదిరి 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చిన నావికుల శ్రామిక ఒప్పందం, వీలైన చోట, ఓడ రేవులో ఉన్నప్పుడు జీవిత భాగస్వాములు, బంధువులు, స్నేహితులు వచ్చి కలవడానికి త్వరగా అనుమతివ్వాలని మార్గదర్శకాల్లో చెప్తుంది. ఆరేడు నెలలు ఇంటికి దూరంగా గడిపేవాళ్ళకు అది సరదా వ్యవహారం కాదు. ప్రయాణికుల బంధువుల గురించి అలాంటి మాట నాకెక్కడా కనబడలేదు, ఉండనక్కర్లేదు కూడా. సిబ్బంది బంధువైనా పేరు ముందే ఇవ్వాలి, గుర్తింపు పత్రం గ్యాంగ్‌వే దగ్గర చూపించాలి, పిలిచినవాళ్ళు వెంట ఉండాలి. దిగకపోతే జవాబు చెప్పాల్సింది ఆ సిబ్బందే. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నవాడు విజిటర్‌ను సరిగ్గా టైముకు దింపుతాడు. సెలవు మీద వచ్చిన ప్రయాణికుడి మీద అలాంటి పట్టు కంపెనీకి ఏముంది?

ఓడ మధ్యలో ఆగే ఊళ్ళో ఉన్న స్నేహితుణ్ణి పైకి పిలవాలన్నా ఇవే నియమాలు. చిన్న ఓడలు నడిపే కొన్ని కంపెనీలు ముందుగా రాసి అడిగితే పరిశీలిస్తాయి. చివరి మాట కెప్టెన్‌ది, భద్రతా అధికారిది. ఆ రోజు రేవు ప్రమాద స్థాయి పెరిగితే ఇచ్చిన అనుమతీ పోతుంది.

దొడ్డిదారులు, మంచి దారులు

చవకైన క్యాబిన్ ఒకటి బంధువు పేరున బుక్ చేసి, చెకిన్ చేయించి, సాయంత్రం దింపేద్దామన్న తెలివి కొందరికి వస్తుంది. వద్దు. అమెరికా నుంచి బయల్దేరే ఓడ అయితే కదలడానికి 60 నిమిషాల ముందే ప్రయాణికుల జాబితా ప్రభుత్వానికి చేరాలి. చెకిన్ అయిన మనిషి ఆఖర్న దిగిపోతానంటే జాబితా మార్చాలి, సామాను వెతికి దించాలి, ఎందుకు దిగుతున్నాడన్న అనుమానం వేరే. సామాను వదిలి దిగిపోయే ప్రయాణికుడు భద్రతా అధికారి దృష్టిలో ఎలా కనిపిస్తాడో ఊహించండి. ఒకరి కార్డు ఇంకొకరికి ఇచ్చి పంపడం ఇంకా ఘోరం. గ్యాంగ్‌వే దగ్గర కార్డు పెట్టగానే స్క్రీన్ మీద ఫోటో వస్తుంది. దొరికితే ఇద్దరికీ ప్రయాణం లేదు.

సాగనంపడమే కావాలంటే గట్టు మీదే మంచి చోట్లున్నాయి. మయామీ బీచ్‌లో సౌత్ పాయింట్ పార్కు ముందు నుంచి ఓడలు చేతికందేంత దగ్గరగా వెళ్తాయి. పోర్ట్ కెనావెరల్‌లో జెట్టీ పార్కు, సౌతాంప్టన్‌లో మేఫ్లవర్ పార్కు అలాంటివే. జర్మనీలో హాంబర్గ్ దిగువన వేడెల్ దగ్గర ఎల్బే నది ఒడ్డున 1952 నుంచి ఓడలకు స్వాగతం, వీడ్కోలు చెప్పే స్థావరమే ఉంది. వచ్చే పోయే పెద్ద ఓడలకు జెండా దించి మర్యాద చేస్తారు, ఆ ఓడ దేశపు జాతీయగీతం వినిపిస్తారు. ఏ బాల్కనీలో, ఎన్నో డెక్కులో, ఎడమవైపా కుడివైపా నిలబడతారో ముందే ఫోన్లో చెప్పుకోవాలి. ఓడ ఏ వైపు తిరిగి బయటికి వెళ్తుందో తెలియకుండా నిలబడితే ఖాళీ గోడకు చేతులూపినట్టవుతుంది.

పెద్ద ఓడ లోపల ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక తీరని పెద్దవాళ్ళకు ఎప్పటికీ కదలని ఓడలు ఉన్నాయి. క్వీన్ మేరీ 1967 నుంచి కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఉంది. క్వీన్ ఎలిజబెత్ 2 దుబాయ్‌లో 2018 నుంచి హోటల్. పాత రోటర్‌డామ్ ఓడ అదే పేరుగల ఊళ్ళో హోటల్‌గా ఉంది. యోకోహామాలో 1930 నాటి హికావా మారు మ్యూజియం. వీటిలో పగలంతా తిరగవచ్చు, ఎవరూ గంట వాయించరు.

ఇక పళ్ళబుట్టల సంప్రదాయం మాత్రం చావలేదు, రూపం మార్చుకుంది. చాలా కంపెనీల సైట్లలో బంధువులే బుకింగ్ నంబరు, ఓడ పేరు, తేదీ ఇచ్చి కేకో పూలో వైనో క్యాబిన్‌కు పంపవచ్చు. ఓడకు సరుకు ఎక్కించే టైము ముందే ఖరారవుతుంది కాబట్టి ఆర్డరు ఆఖరి రోజుకు వదలకుండా కొద్ది రోజుల ముందే ఇచ్చేయాలి. టెర్మినల్ దాకా స్వయంగా మోసుకొచ్చి "ఫలానా క్యాబిన్‌లో ఇచ్చేయండి" అంటే కౌంటర్లో తీసుకోరు.